బాబు వైకల్యం సర్టిఫికెట్ ఫిబ్రవరిలో చేతికొచ్చింది, 80డీడీ పన్ను మినహాయింపు ఈ రిటర్నులో పెట్టుకోవచ్చా?

నిజాంపేట అమ్మ, 17 జూన్ 2025

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి. ముక్కలు ముక్కలుగా అడిగితే జవాబులు కూడా ముక్కలు ముక్కలుగానే వస్తున్నాయి, ఏది ఎక్కడ అతికించాలో తెలియడం లేదు.

మావాడికి వచ్చే నెలకి ఆరేళ్లు నిండుతాయి. ఆటిజం. మూడో ఏట తెలిసింది. అప్పటినుంచీ వారానికి మూడు రోజులు ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ), రెండు రోజులు స్పీచ్ థెరపీ. సిట్టింగుకి 700. నెలకి పద్నాలుగు పదిహేను వేలు దానికే పోతాయి. ఇంట్లో నెల తిరిగేసరికి వచ్చే జీతం నాదొక్కదే. మా ఆయన పొద్దున పూట జెరాక్స్ షాపు తెరిచి, పదకొండింటికి మూసేసి, బాబుని థెరపీకి తీసుకెళ్తారు. ఆ షాపు మీద ట్యాక్స్ కట్టేంత ఆదాయం లేదు.

మూడేళ్లుగా ఖర్చు పెడుతున్నా సర్టిఫికెట్ మాత్రం తీసుకోలేదు. కారణం అత్తయ్య. "గవర్నమెంటు కాగితం మీద రాయించుకుంటే ఇంక అది చెరగదమ్మా, వాళ్ల నాన్నకీ నాలుగేళ్లు దాటాకే మాటలొచ్చాయి" అనేవారు. ఆవిణ్ణి తప్పు పట్టలేను, నాక్కూడా లోపల ఎక్కడో అదే ఆశ. చివరికి పోయిన జనవరిలో స్లాట్ బుక్ చేశాం. ఫిబ్రవరిలో మెడికల్ బోర్డుకి వెళ్లాం.

ఆ గదిలో ఫ్యాన్ టకటకమని ఒకటే చప్పుడు. వీడు రెండు చెవులూ మూసుకుని బల్ల కిందికి దూరాడు. డాక్టరమ్మ పేరడిగితే పలకడు, బొమ్మలు చూపిస్తే చూడడు. వాటర్ బాటిల్ మూత తీసి నేల మీద బొంగరంలా తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి, తన బాటిల్ మూత కూడా తీసి, వాడి పక్కన నేల మీద కూర్చుని తిప్పారు. అప్పుడు తలెత్తి చూశాడు, ఒక్కసారి. పావుగంట అలా ఇద్దరూ మూతలు తిప్పారు. తర్వాత మాకు ప్రశ్నలు, పాత రిపోర్టులు, సంతకాలు. వారానికి సర్టిఫికెట్ వచ్చింది. 60 శాతం, తాత్కాలికం, 2028 ఫిబ్రవరి వరకు. ఆ 60 చూసి ఏడవాలో, నలభై దాటింది కాబట్టి పనికొస్తుందని ఊపిరి పీల్చుకోవాలో తెలియలేదు. ఆటోలో రెండూ చేశాను.

ఇక అసలు సంగతి. మార్చి మొదటి వారంలో ఆ సర్టిఫికెట్ మా ఆఫీసులో ఇచ్చి, 80డీడీ కింద, అంటే వైకల్యం ఉన్న కుటుంబసభ్యుల కోసం ఖర్చు పెట్టేవాళ్లకిచ్చే మినహాయింపు కింద, ట్యాక్స్ తగ్గించమని అడిగాను. ఒకాయన ప్రూఫులు తీసుకునే గడువు జనవరితోనే అయిపోయిందన్నారు. ఇంకొకావిడ "మీరు న్యూ రెజీమ్‌లో, అంటే మినహాయింపులు చాలావరకు ఉండని కొత్త పన్ను పద్ధతిలో ఉన్నారు మేడమ్, అందులో రాదు" అంది. మూడో ఆయన, సర్టిఫికెట్ ఫిబ్రవరిలో వచ్చింది కాబట్టి వస్తే గిస్తే రెండు నెలలకే వస్తుందన్నారు, అంటే ఏడాదికిచ్చే 75,000 మినహాయింపులో ఆరో వంతు. ఒక్క ఆఫీసులో మూడు జవాబులు.

జీతం మొత్తం 13,60,000. పీఎఫ్, బాబు స్కూలు ఫీజు కలిపితే లక్షన్నర దాటిపోతుంది. ఫ్లాటు లోను వడ్డీ రెండు లక్షలకు పైనే. మెడిక్లెయిమ్ 25,000. కొత్త రెజీమ్ లెక్కన జీతంలోంచి ముందే 1,00,880 టీడీఎస్ కోసేశారు. ఇప్పుడు రిటర్ను వేసేటప్పుడు పాత రెజీమ్‌కి మారి 80డీడీ పెట్టుకోవచ్చా? గడిచిన రెండు మూడేళ్ల ఖర్చుకి కూడా ఏమైనా వస్తుందా? థెరపీ సెంటర్ వాళ్లిచ్చే రసీదులు చిన్న చిట్టీల్లాంటివి, వాటి మీద జీఎస్టీ నంబరు కూడా ఉండదు. అవి చెల్లుతాయా? తెలిసినవాళ్లు చెప్పండి.


బిజీబాయ్

అక్కా, 1,25,000 పెట్టేయండి. ఎవరూ చూడరు. మా ఫ్రెండ్ మూడేళ్లుగా అలాగే పెడుతున్నాడు.


పాతలెక్కలు, రాజమండ్రి

పైన చెప్పినాయన మాట పట్టించుకోకమ్మా. 40 శాతం నుంచి 80 లోపు ఉంటే 75,000, 80 శాతం, ఆ పైన ఉంటే 1,25,000. మీవాడిది 60 కాబట్టి 75,000, అంతే. పోయినేడు నుంచి రిటర్నులో దీనికి విడిగా ఒక షెడ్యూలే పెట్టారు. వైకల్యం ఏ రకం, ఆధారపడినవారు ఎవరు, వారి ఆధార్, ఫారం రసీదు నంబరు, యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే గుర్తింపు కార్డు) ఉంటే ఆ నంబరు, అన్నీ అడుగుతుంది. లేనిది ఉన్నట్టు రాసి దొరికితే ఎగ్గొట్టిన పన్నుకి రెండింతలు జరిమానా వేసే వీలు చట్టంలోనే ఉంది. ఆ ఫ్రెండుకి కూడా చెప్పు నాయనా.

నేను ముప్పై ఏళ్లు ఈ లెక్కలే రాసి రిటైరయ్యాను. మీ ఆఫీసువాళ్లు చెప్పిన మూడింటిలో ఒకటిన్నర నిజం. గడువు అయిపోవడం వాళ్ల పేరోల్ గొడవ, దానితో మీ హక్కు పోదు, నేరుగా రిటర్నులో అడగొచ్చు. కొత్త రెజీమ్‌లో 80డీడీ లేదన్నది నిజం. కానీ జీతగాళ్లు ఏటా మారొచ్చు. ఆఫీసులో కొత్తది చెప్పినా రిటర్నులో పాతది ఎంచుకోవచ్చు. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లకి 10-ఐఈఏ అని వేరే ఫారం ఉంటుంది, మీకు దానితో పని లేదు. రిటర్నులో కొత్త రెజీమ్ వద్దనుకుంటున్నారా అని ఒక ప్రశ్న వస్తుంది, అవునని కొట్టండి. అయితే గడువులోపు వేస్తేనే. ఈ ఏడు సెప్టెంబరు 15 దాకా పొడిగించారు. అది దాటితే పాత రెజీమ్ తలుపు మూసేస్తారు.

ఇక రెండు నెలలకే అన్నది వట్టి మాట. 75,000 అనేది ముక్కలు చేసేది కాదు. ఎంత ఖర్చు పెట్టారు, ఎన్ని నెలలు పెట్టారు అని చూడరు. బిడ్డకి వైద్యమో, శిక్షణో, పునరావాసమో, ఏదో ఒకదానికి ఖర్చు చేసి ఉండాలి. ఇరవై వేలు పెట్టినా అంతే, రెండు లక్షలు పెట్టినా అంతే. చిట్టీలు పారెయ్యకండి. రిటర్నుకి జత చెయ్యక్కర్లేదు గానీ ఎవరైనా అడిగితే చూపించాలి. డబ్బు ఫోన్‌పేలో పంపుతుంటే బ్యాంకు స్టేట్‌మెంటే మంచి సాక్ష్యం.

పాత ఏళ్ల సంగతి మర్చిపోండి. సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరంలో ఇచ్చారో అక్కడినుంచే లెక్క. మీ అదృష్టం, ఫిబ్రవరిలో వచ్చింది. ఏప్రిల్‌లో వచ్చి ఉంటే 2024-25 కూడా పోయేది.

ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి, చాలామంది ఇక్కడే పొరపడతారు. 75,000 తగ్గేది ఆదాయంలో, పన్నులో కాదు. మీ లెక్క వేస్తాను. వృత్తి పన్ను పక్కన పెడుతున్నాను.

పాత రెజీమ్‌లో 13,60,000 లోంచి జీతగాళ్లకిచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 50,000, పీఎఫ్, స్కూలు ఫీజులకి 80సీ కింద 1,50,000, ఇంటి వడ్డీ 2,00,000, మెడిక్లెయిమ్ 25,000 తీస్తే 9,35,000. దీని మీద సెస్సుతో పన్ను 1,03,480. అంటే 80డీడీ లేకపోతే మీకు కొత్త రెజీమే మేలు, ఆఫీసువాళ్లు ఆ మాట చెప్పి ఉంటే తప్పు లేదు. ఇప్పుడు 75,000 కూడా తియ్యండి. 8,60,000 మీద 84,500, సెస్సుతో 87,880. టీడీఎస్ 1,00,880 పోయింది కదా, 13,000 వెనక్కి రావాలి. సరిగ్గా 13,000. మళ్లీ మళ్లీ కొట్టి చూశాను, అంతే వస్తోంది.


గుంటూరు నాన్న

చెల్లెమ్మా, పెద్దాయన లెక్క చెప్పారు, నేను కాగితం సంగతి చెప్తా. మా పాపకి పన్నెండేళ్లు, సెరెబ్రల్ పాల్సీ. సదరం క్యాంపులో 85 శాతం ఇచ్చారు. ఆ సర్టిఫికెట్ ఒక్కటుంటే చాలనుకుని నేను రెండేళ్లు ఊరికే ఉన్నాను. చాలదు. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, ఒకటికి మించిన వైకల్యాలు, ఈ మూడింటికీ ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల సొంత ఫారం ఒకటుంది, 10-ఐఏ. చూపు, వినికిడి లాంటివాటికి ప్రభుత్వ సర్టిఫికెట్ సరిపోతుంది. మనలాంటివాళ్లకే ఈ అదనపు తిప్పలు.

దాని మీద సంతకం పెట్టాల్సింది ప్రభుత్వాసుపత్రి సివిల్ సర్జన్ గానీ, చీఫ్ మెడికల్ ఆఫీసర్ గానీ, లేదంటే న్యూరాలజీలో ఎండీ చేసిన డాక్టర్. పిల్లలకైతే పీడియాట్రిక్ న్యూరాలజిస్ట్. థెరపీ సెంటర్ సైకాలజిస్టు ఎంత మంచి రిపోర్టు ఇచ్చినా ఈ పనికి రాదు. మావాళ్లు అక్కడే బోల్తా పడ్డారు.

నేను పెట్టించుకోడానికి వెళ్తే ఒకచోట "మేమిచ్చేది సర్టిఫికెట్ ఒకటే, మీ ట్యాక్సు కాగితాల మీద సంతకాలు పెట్టం" అని పంపించేశారు. నాలుగుసార్లు తిరిగాను. పాపని వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టుకుని మూడో అంతస్తుకి, లిఫ్టు పని చెయ్యని రోజున. చివరికి పాపని చిన్నప్పటినుంచి చూస్తున్న న్యూరాలజిస్టు దగ్గరికి ఫారం ప్రింటు పట్టుకుని వెళ్తే, చదివి, రెండు నిమిషాల్లో సంతకం, ముద్ర. ఫీజు కూడా మామూలు కన్సల్టేషనే. కాబట్టి మీకు తెలిసిన పీడియాట్రిక్ న్యూరాలజిస్టు ఉంటే ముందు అక్కడికే వెళ్లండి. ఫారంలో పేర్లు, ఆధార్ నంబర్లు ఇంటి దగ్గరే నింపుకుని వెళ్లండి. డాక్టర్లకి ఓపిక ఉండదు, మనకీ తప్పులు దిద్దించుకునే ఓపిక ఉండదు.

తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో ఫారాల సెక్షన్లో 10-ఐఏ ఎక్కించి రసీదు నంబరు తీసుకోండి. రిటర్ను ఆ తర్వాతే. నేను ముందు రిటర్ను వేసేసి మళ్లీ రివైజ్ చేసుకోవాల్సి వచ్చింది.

పాతలెక్కలు గారూ, నాదొక డౌట్. ఈ సెక్షన్ కింద ఒక ఇన్సూరెన్సు పాలసీ తీసుకోవాల్సిందే అని ఏజెంటు వెంటపడుతున్నాడు. నిజమా?


పాతలెక్కలు, రాజమండ్రి

తీసుకోవాల్సిందే ఏమీ కాదు. ఖర్చు చూపించడం ఒక దారి, అలాంటి స్కీములో డబ్బు కట్టడం ఇంకో దారి. ఏదో ఒకటి చాలు, రెండూ చేసినా మినహాయింపు అంతే. ఆ పాలసీల్లో పాత రోజుల్లో ఒక మెలిక ఉండేది, తల్లో తండ్రో పోయాకే బిడ్డకి డబ్బు వచ్చేది. బతికుండగా రాదు. ఒక తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. చట్టం మార్చడం మా పని కాదు, ప్రభుత్వమే ఆలోచించాలి అని 2019లో కోర్టు చెప్పింది. 2022 బడ్జెట్లో మార్చారు, ఇప్పుడు తల్లిదండ్రులకి అరవై నిండి, కట్టడం ఆపేశాక కూడా తీసుకోవచ్చు. మీకు పాప పేరు మీద ఏదైనా చెయ్యాలనుంటే చెయ్యండి, పన్ను కోసమే అయితే అక్కర్లేదు. ఏజెంటుకి కమిషను కావాలి, అంతే.


దుబాయ్ తెలుగోడు

సార్, మాది నెల్లూరు. ఇక్కడ పదేళ్లుగా ఉంటున్నాం. బాబు నెల్లూరులోనే అమ్మానాన్నల దగ్గర ఉంటాడు, డౌన్ సిండ్రోమ్. అద్దెల మీద ఇండియాలో నేను ట్యాక్స్ కడుతున్నాను. నాకు వస్తుందా?


పాతలెక్కలు, రాజమండ్రి

రాదు నాయనా. 80డీడీ రెసిడెంట్లకే. మీరు వెనక్కి వచ్చి రెసిడెంటయ్యే ఏడు నుంచి చూసుకోండి. ఖర్చంతా నిజంగా మీ నాన్నగారే పెడుతుంటే అన్న ప్రశ్న వస్తుంది గానీ, ఆధారపడినవాళ్ల లిస్టులో భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే ఉన్నారు. మనవడు లేడు.


నిజాంపేట అమ్మ, 19 జూన్

అందరికీ చాలా థాంక్స్. 13,000 అన్న మాట మా ఆయనకి చదివి వినిపిస్తే "ఒక నెల థెరపీ" అన్నారు. అవును, మా ఇంట్లో ఇప్పుడు ఏ డబ్బయినా సిట్టింగుల్లోనే కొలుస్తాం. కుక్కరు మార్చాలంటే నాలుగు సిట్టింగులు.

పాతలెక్కలు బాబాయిగారూ, ఇంకో రెండు విషయాలు. మా నాన్న రిటైరయ్యాక వచ్చిన డబ్బులో ఐదు లక్షలు మనవడి పేరు మీద ఎఫ్‌డీ వేశారు. ఏడాదికి 35,000 దాకా వడ్డీ వస్తుంది. మైనర్ కాబట్టి అది నా ఆదాయంలో కలపాలని బ్యాంకులో చెప్పారు. నిజమేనా? ఈ ఏప్రిల్ నుంచి ఆఫీసులో ఏ రెజీమ్ చెప్పాలి? హెచ్‌ఆర్ వాళ్లు మళ్లీ మెయిల్ పెట్టారు.


పాతలెక్కలు, రాజమండ్రి

బాబాయి అన్నావు కాబట్టి తీరిగ్గా చెప్తాను. మామూలు పిల్లలకైతే బ్యాంకువాళ్లు చెప్పింది నిజం. కానీ 80యూలో (వైకల్యం ఉన్నవాళ్లు తమకోసం తామే అడిగే మినహాయింపు అది) చెప్పిన వైకల్యం ఉన్న మైనరు ఆదాయాన్ని తల్లిదండ్రుల ఆదాయంలో కలపరు, సెక్షన్ 64లోనే ఆ మినహాయింపు ఉంది. ఆ 35,000 వాడిదే. వాడికీ పాన్ కార్డు తీసుకో. ఆ కాస్త వడ్డీకి పన్నేమీ పడదు. ఒక్క జాగ్రత్త, వాడి పేరుతో రిటర్ను వేసి అందులో 80యూ అడిగితే నీకు 80డీడీ పోతుంది. అవసరం లేదు కాబట్టి ఆ జోలికి వెళ్లకు.

రెండోది నీకు నచ్చకపోవచ్చు. ఈ ఏడు, అంటే 2025-26కి, కొత్త రెజీమే చెప్పు. స్లాబులు మారాయి. అదే 13,60,000 జీతానికి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోను 12,85,000. పన్ను 72,750, సెస్సుతో 75,660. పాత రెజీమ్‌లో 80డీడీ పెట్టినా నీకు 87,880 పడుతుంది. బాబుకి 80 శాతం వచ్చి 1,25,000 తీసినా 77,480, అప్పుడు కూడా కొత్తదే తక్కువ.


నిజాంపేట అమ్మ

అంటే మూడేళ్లు భయపడి, అత్తయ్యతో నెల రోజులు మాటల్లేకుండా ఉండి తెచ్చుకున్న కాగితం ట్యాక్స్‌కి ఒక్క ఏడాదే పనికొస్తుందా బాబాయ్?


పాతలెక్కలు, రాజమండ్రి

నీ జీతానికి, ఈ స్లాబులకి, అవునమ్మా. జీతం పెరిగితే, స్లాబులు మారితే మళ్లీ లెక్క వేసుకోవాలి. రెజీమ్‌తో పెళ్లేం కాలేదు, ఏటా చూసుకో.


గుంటూరు నాన్న

చెల్లెమ్మా, కాగితం ట్యాక్సుకోసమే అనుకోకండి. నిరామయ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వాళ్ల హెల్త్ ఇన్సూరెన్సు ఉంది. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకి ఏడాదికి లక్ష దాకా. థెరపీ బిల్లులకి కూడా కొంత ఇస్తారు, పరిమితి ఉంటుంది. దానికి ఈ సర్టిఫికెట్ కావాలి. రేపు సీబీఎస్‌ఈలో పదో తరగతి రాసేటప్పుడు గంటకి 20 నిమిషాలు ఎక్కువ టైమ్ ఇస్తారు, దానికీ ఇదే. యూడీఐడీ కార్డు రాకపోతే అప్లై చెయ్యండి. మా పాపది నీలం గీత కార్డు, మీవాడికి పసుపు గీతది వస్తుంది.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ అని, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ ఉంది కదా, మీకు దగ్గరే. 1984 నుంచి ఉన్న సంస్థ. మేము గుంటూరు నుంచి ట్రైన్లో వచ్చి చూపించుకుని వెళ్లాం. నడవడం ఎలా నేర్పాలో మాకు నేర్పింది వాళ్లే. ఒకసారి వెళ్లండి.


నిజాంపేట అమ్మ, 27 ఆగస్టు

అప్‌డేట్ పెడతానని మాట ఇచ్చాను, పెడుతున్నాను. 10-ఐఏ మీద మా పీడియాట్రిక్ న్యూరాలజిస్టు సంతకం పెట్టారు. గుంటూరు అన్నయ్య చెప్పినట్టే అన్నీ ఇంట్లో నింపుకుని వెళ్లాం. అయినా ఒక తప్పు దొర్లింది, ఆధార్‌లో బాబు ఇంటిపేరు ముందుంది, సర్టిఫికెట్‌లో వెనకుంది. డాక్టర్ గారు కొట్టేసి పక్కన చిన్న సంతకం పెట్టి ఇచ్చారు. జులై మూడో వారంలో ఫారం, ఆ మర్నాడు రిటర్ను. నిన్న రిఫండ్ పడింది. 13,325.

ఆ 325 ఎక్కడిదో అర్థం కాలేదు. మా ఆయన అది బాబుకి బోనస్ అని చెప్పి, షాపు పక్క ప్లాస్టిక్ సామాన్ల కొట్లో మూతలున్న డబ్బాలు ఒక సంచీడు తెచ్చారు. సాయంత్రం నుంచి ఇల్లంతా మూతలే తిరుగుతున్నాయి. అత్తయ్య కూడా ఒకటి తిప్పారు.


పాతలెక్కలు, రాజమండ్రి

325 ప్రభుత్వం నీకిచ్చిన వడ్డీ. రిఫండు నీ పన్నులో పదో వంతు దాటింది కాబట్టి ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఐదు నెలలకి, నెలకి అర శాతం చొప్పున వేశారు. వచ్చే ఏడు రిటర్నులో ఆదాయంగా చూపించాలి. డబ్బాల బిల్లు దాచుకోనక్కర్లేదు.